క్యాంపు లిస్టు వచ్చిందా? వాదన మొదలుపెట్టే ముందు దాన్ని ఇలా చదవండి

మ్యాచ్‌లకు ముందు జరిగే ఇండియా ఫుట్‌బాల్ టీమ్ ట్రైనింగ్ క్యాంపుకు ఎవరెవరిని పిలిచారో చెప్పే లిస్టు రాగానే మా వాట్సాప్ గ్రూపులో పడే మొదటి మెసేజ్ దాదాపు ప్రతిసారీ ఒకటే: "ఫలానా అతను ఎందుకు లేడు?" బెంగళూరులో ఉంటూ కంఠీరవ స్టేడియంలో మ్యాచ్‌లకు కలిసి వెళ్లే తెలుగువాళ్ల గ్రూపు అది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు, నిజామాబాద్, అన్ని ఊళ్లవాళ్లూ ఉన్నారు. నాది అనంతపురం. అక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్‌లో పిల్లల మ్యాచ్‌లు చూసినప్పటి నుంచీ ఫుట్‌బాల్ పిచ్చి. వృత్తికి ఫిజియోథెరపిస్టుని, కస్తూరి నగర్‌లో చిన్న క్లినిక్ ఉంది.

లిస్టు మీద వాదించుకోవడమంటే నాకు చాలా ఇష్టం. మన దేశంలో క్రికెట్ సెలెక్షన్ గురించి బస్సులో పక్క సీటువాళ్లు కూడా మాట్లాడతారు. ఫుట్‌బాల్ లిస్టు గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. ఉన్న ఆ కొద్దిమందీ విషయం తెలిసి మాట్లాడితే బాగుంటుందని నా ఆశ. గ్రూపులోకి కొత్తగా వచ్చినవాళ్లు లిస్టు ఎలా చదవాలని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మొదట తేదీలు చూడండి

పేర్ల దగ్గరికి తర్వాత వెళ్దాం. ప్రకటనలో క్యాంపు ఎప్పుడు మొదలవుతుంది, దాని తర్వాత ఏ మ్యాచ్ ఉంది, ఆ మ్యాచ్ ఫిఫా విండోలో ఉందా లేదా, ఈ మూడూ ముందు చూడాలి. విండో అంటే దేశాల మధ్య మ్యాచ్‌ల కోసం ఫిఫా కేటాయించిన రోజులు. 2025 దాకా ఏడాదిలో మార్చి, జూన్, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో ఇవి ఉండేవి. మామూలుగా సోమవారం మొదలై తర్వాతి వారం మంగళవారంతో ముగుస్తాయి. దేశం పిలిస్తే విండో రోజుల్లో క్లబ్బు తన ఆటగాణ్ని పంపి తీరాలి. అందుకోసం విండో మొదలవడానికి కనీసం 15 రోజుల ముందే క్లబ్బుకు పిలుపు అందాలి.

విండో బయట క్లబ్బుకు ఆ బాధ్యత లేదు. క్యాంపులు విండోకి ముందే మొదలవుతాయి కాబట్టి గొడవంతా అక్కడే వస్తుంది. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చాక మొదటి క్యాంపు మన బెంగళూరులోనే పెట్టారు. ఆయన 35 మంది పేర్లు ఇచ్చాడు. అదే సమయంలో డ్యూరాండ్ కప్ నడుస్తోంది. అందులో ఆడుతున్న క్లబ్బుల వాళ్లు మొదటి రోజు క్యాంపులో లేరు. ఆ క్యాంపు మధ్య ఆసియా దేశాల టోర్నీ అయిన కాఫా నేషన్స్ కప్ కోసం, అందులో మన మ్యాచ్‌లు తజికిస్తాన్‌లో. ఆ టోర్నీ ఆగస్టు 29న మొదలైంది, విండో సెప్టెంబరు 1న. మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపలేదు. అది వాళ్లకు నియమాలు ఇచ్చిన హక్కు. నాకు బాధగానే అనిపించింది, కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే తుది లిస్టులో ఆ క్లబ్బు వాళ్లు ఎందుకు లేరన్నది అర్థమవుతుంది. అప్పుడు కోచ్‌ని తిట్టడం అన్యాయం.

క్లబ్బు ఎందుకు ఆపుకుంటుందన్నది కూడా ఆలోచించండి. జీతం ఇచ్చేది క్లబ్బు. విండోలో దేశం తరఫున ఆడుతూ దెబ్బ తగిలితే క్లబ్బుకు పరిహారం ఇచ్చే ఏర్పాటు ఫిఫాకి ఉంది. విండో బయట ట్రైనింగ్‌లో మోకాలు పోతే ఆ సీజనంతా నష్టం క్లబ్బుదే.

ఆ తర్వాత అంకె. 35 మందిని పిలిచారా, 30 మందినా, 26 మందినా? మ్యాచ్ రోజు జట్టులో 23 మందే ఉంటారు. 35 మందిని పిలిచిన లిస్టులో పేరు ఉందంటే కోచ్ అతన్ని దగ్గర నుంచి చూడాలనుకుంటున్నాడని మాత్రమే. 26 మందితో వచ్చిన లిస్టులో పేరు లేకపోవడం వేరు, 35 మందిలో కూడా లేకపోవడం వేరు. రెండోదాని మీద గట్టిగా ప్రశ్నించవచ్చు.

కాగితం మీద మైదానం గీయండి

లిస్టు ఎప్పుడూ నాలుగు ముక్కలుగా వస్తుంది: గోల్ కీపర్లు, డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌లు. ఈ విభజన సరిపోదు. పదకొండు మంది డిఫెండర్లు ఉన్నారంటే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. అందులో ఎడమ కాలితో ఆడే లెఫ్ట్ బ్యాక్ ఒక్కడే ఉండొచ్చు.

నేను చేసేది చెప్తాను. ఒక ఏ4 కాగితాన్ని నిలువుగా పెట్టి పైన ఒక గోల్ పోస్టు, కింద ఒకటి గీస్తాను. కింద గోల్ కీపర్లు. వాళ్ల ముందు మధ్యలో సెంటర్ బ్యాక్‌లు, ఎడమ అంచున లెఫ్ట్ బ్యాక్‌లు, కుడి అంచున రైట్ బ్యాక్‌లు. ఆ పైన డిఫెన్స్ ముందు కాపు కాసే మిడ్‌ఫీల్డర్లు, వాళ్ల పైన బంతి అందించేవాళ్లు, రెండు అంచుల్లో వింగర్లు, అన్నిటికన్నా పైన స్ట్రైకర్. ప్రతి పేరూ పెన్సిల్‌తో తన చోట రాస్తాను. రెండు చోట్ల ఆడగలిగినవాళ్ల పేరు రెండు చోట్లా రాసి బాణం గుర్తు పెడతాను. ఎడమ కాలి ఆటగాడైతే పేరు కింద గీత. పెన్సిలే వాడండి, క్యాంపు మధ్యలో పేర్లు మారుతూనే ఉంటాయి.

ఇలా రాసి చూస్తే కొన్ని విషయాలు చప్పున కనిపిస్తాయి. బెంగళూరు ఎఫ్‌సీ రోషన్ సింగ్‌నే తీసుకోండి. లెఫ్ట్ బ్యాక్ ఆడతాడు, రైట్ బ్యాక్ ఆడతాడు, కార్నర్లు, ఫ్రీ కిక్‌లు కూడా బాగా వేస్తాడు. కాగితం మీద అతని పేరు రెండు చోట్ల పడుతుంది. 23 మందిలో ఒక సీటు మిగిల్చే ఆటగాడంటే కోచ్‌కి ఎంత విలువో అప్పుడు తెలుస్తుంది. రాహుల్ భేకే కూడా సెంటర్‌లోనూ కుడి వైపూ ఆడగలడు. అదే వింగర్ ఛాంగ్టేని రాస్తే ఇంకో సంగతి. అతను ఎడమ కాలి ఆటగాడు, కానీ కుడి అంచున ఆడి లోపలికి దూసుకొస్తాడు. అతను అలా లోపలికి వచ్చినప్పుడు ఖాళీ అయిన అంచు వెంట పరుగెత్తడానికి వెనక మంచి రైట్ బ్యాక్ కావాలి. ఛాంగ్టే ఉన్న లిస్టులో ఎక్కువసేపు పైకీ కిందికీ పరుగెత్తగల రైట్ బ్యాక్ ఉన్నాడా అని వెతకండి. ఒక పేరు ఇంకో పేరుని పిలుచుకొస్తుంది.

స్ట్రైకర్ల వరుస దగ్గర మాత్రం ప్రతిసారీ నా పెన్సిల్ ఆగిపోతుంది. మన దేశపు పెద్ద క్లబ్బుల లీగ్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో ఒక్కో జట్టు ఒకేసారి నలుగురు విదేశీయుల్ని ఆడించవచ్చు. క్లబ్బులు సాధారణంగా ఆ నలుగురిలో ఒకరిని గోల్ కొట్టే చోటే పెట్టుకుంటాయి. మన స్ట్రైకర్‌కి బెంచ్ దక్కుతుంది, లేదా వింగ్‌లోకి తోస్తారు. మన్‌వీర్ సింగ్ మోహన్ బగాన్‌కి ఎక్కువగా కుడి అంచున ఆడాడు, దేశానికి వచ్చేసరికి మధ్యలో ఆడమన్నారు. లిస్టులో ఫార్వర్డ్‌లు ఎనిమిది మంది ఉన్నా, క్లబ్బులో వారం వారం సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడుతున్నవాళ్లు ఎంతమంది అని లెక్కపెడితే నోట మాట రాదు. ఇండియాకి గోల్స్ ఎందుకు రావట్లేదని ఎవరైనా అడిగితే నేను ఈ కాగితమే ఫోటో తీసి పంపిస్తాను.

నిమిషాలు లెక్కపెట్టండి

పేరు పెద్దదా చిన్నదా అన్నది పక్కన పెట్టి, గత నెలన్నరలో ఎన్ని నిమిషాలు ఆడాడో చూడండి. ఐఎస్‌ఎల్ సైట్‌లో, సోఫాస్కోర్ యాప్‌లో ఈ వివరాలు దొరుకుతాయి. ఆరు మ్యాచ్‌లంటే 540 నిమిషాలు. అందులో 360 దాటి ఆడినవాడు ఫామ్ సంగతెలా ఉన్నా ఆటలో ఉన్నాడని నేను లెక్క వేసుకుంటాను. వంద కూడా లేనివాణ్ని పిలిస్తే దానికి ప్రత్యేకమైన కారణం ఉండాలి. మీ అభిమాన ఆటగాడికీ ఇదే కొలత పెట్టండి.

2025 అక్టోబరులో సింగపూర్‌తో ఆసియా కప్ క్వాలిఫయర్లకు ముందు ఈ కొలతే పనికిరాకుండా పోయింది. ఐఎస్‌ఎల్ సీజన్ వాయిదా పడింది, 2026 ఫిబ్రవరిలో గానీ మొదలవలేదు. చాలామందికి లీగ్ మ్యాచ్‌లే లేవు. అలాంటప్పుడు క్యాంపే వాళ్లకు మ్యాచ్ ప్రాక్టీస్. అక్టోబరు 9న సింగపూర్‌లో 1-1, రహీమ్ అలీ చివర్లో కొట్టిన గోల్‌తో బయటపడ్డాం. 14న గోవాలో ఛాంగ్టే గోల్‌తో ముందుకెళ్లి కూడా 1-2తో ఓడిపోయాం, 2027 ఆసియా కప్ ఆశ పోయింది. ఆ రాత్రి గ్రూపులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఎవరిని ఎంపిక చేశారన్న చర్చ కన్నా, ఎంపిక చేయడానికి ఆటలో ఉన్నవాళ్లు ఎంతమంది అన్న చర్చ ముందు జరగాలని నాకు అప్పటి నుంచీ గట్టిగా అనిపిస్తోంది.

గాయం గురించి మాట్లాడేటప్పుడు

ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. "నిన్న క్లబ్బు వీడియోలో పరుగెత్తుతున్నాడు, ఫిట్‌గానే ఉన్నాడు, ఎందుకు పిలవలేదు?" అని రాసేవాళ్లు చాలామంది.

తొడ వెనక కండరాన్ని హామ్‌స్ట్రింగ్ అంటాం. పిరుదు కింద మనం కూర్చునే ఎముక దగ్గర మొదలై మోకాలు దాటి కిందికి అతుక్కుంటుంది. ఫుట్‌బాలర్లకు ఎక్కువగా పట్టేది ఇదే. కొద్దిగా చిరిగితే రెండు మూడు వారాల్లో తిరిగి ఆడొచ్చు. మధ్యస్థంగా చిరిగితే నాలుగు నుంచి ఎనిమిది వారాలు. పూర్తిగా తెగితే నెలలు. చిక్కేమిటంటే, నిదానంగా పరుగెత్తేటప్పుడు దీనికి పెద్ద పని ఉండదు. పూర్తి వేగంలో పాదం నేలకి తగలబోయే ముందు కాలు ముందుకు చాచుకుంటుంది చూడండి, ఆ క్షణంలో కండరం సాగుతూనే కాలిని పట్టి ఆపాలి. చిరిగేది అక్కడ. ట్రైనింగ్ వీడియోలో కోన్‌ల చుట్టూ తిరుగుతున్నవాణ్ని చూసి ఆ బలం ఉందో లేదో చెప్పలేం.

మా క్లినిక్‌కి టర్ఫ్ మీద ఆడి తొడ పట్టుకుని వచ్చేవాళ్లకు ఒక చిన్న పరీక్ష పెడతాను. వెల్లకిలా పడుకోబెట్టి, ఒక కాలి మడమ కుర్చీ మీద పెట్టించి, రెండో కాలు గాల్లో ఉంచి, నడుము పైకి ఎత్తమంటాను. ఎత్తాలి, దించాలి, మళ్లీ ఎత్తాలి. బాగున్న కాలితో పాతికసార్లు చేసినవాడు దెబ్బ తగిలిన కాలితో పన్నెండుకే వణుకుతాడు. నొప్పి ఏమీ లేదని చెప్తూనే వణుకుతాడు. నొప్పి పోవడం ముందు జరుగుతుంది, బలం రావడం తర్వాత. ఈ మధ్యలో పూర్తి వేగంతో ఆడితే అదే చోట మళ్లీ చిరుగుతుంది. ఆటలోకి తిరిగి వచ్చిన మొదటి వారాలే ఎక్కువ ప్రమాదం.

మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగి ఆపరేషన్ అయినవాళ్లకైతే కనీసం తొమ్మిది నెలలు ఆగమంటాం. ఏడో నెలలో బాగానే ఉన్నాడు కదా అని దయచేసి ఒత్తిడి పెట్టకండి.

ఎముక దెబ్బల లెక్క వేరు. 2025 సెప్టెంబరు 1న ఇరాన్‌తో మ్యాచ్‌లో సెంటర్ బ్యాక్ సందేశ్ ఝింగాన్‌కి చెంప ఎముక దెబ్బతింది, కాఫా కప్‌లో మిగతా మ్యాచ్‌లకు లేడు. అక్టోబరు 9న సింగపూర్ మీద మళ్లీ మైదానంలో ఉన్నాడు. కాళ్ల కండరాలకు ఏమీ కాలేదు కాబట్టి అంత త్వరగా రావడం సాధ్యమైంది. కాబట్టి "అతను ఐదు వారాల్లో వచ్చాడు, ఇతనెందుకు రాలేదు" అనే పోలిక పెట్టే ముందు గాయం ఎక్కడ తగిలిందో తెలుసుకోండి.

ఒక్కోసారి పూర్తిగా కోలుకోని ఆటగాణ్ని కూడా క్యాంపుకు పిలుస్తారు. టీమ్ డాక్టరు, ఫిజియో తమ కళ్లతో చూసి తేల్చుకోవడానికి. రెండు రోజుల తర్వాత అతను వెనక్కి వెళ్లిపోతే దాన్ని అవమానంగా రాయకండి.

లేని పేర్లకు ఇంకొన్ని కారణాలు

సస్పెన్షన్ చూసుకోండి. చెంప ఎముక మానాక తిరిగొచ్చిన అదే ఝింగాన్ సింగపూర్‌లో రెండో పసుపు కార్డుతో బయటికి వెళ్లాల్సి వచ్చింది, గోవా మ్యాచ్‌కి లేడు. క్వాలిఫయర్లలో ఎవరి మీద ఒక కార్డు ఉందో కాగితం మీద పేరు పక్కన చుక్క పెట్టుకుంటే, కోచ్ అదనంగా ఇంకో సెంటర్ బ్యాక్‌ని ఎందుకు పిలిచాడో తెలుస్తుంది.

అండర్-23 జట్టు క్యాంపు అదే సమయంలో ఉంటే కుర్రాళ్లు అటు వెళ్తారు. 2025 సెప్టెంబరులో సీనియర్లు కాఫా కప్ ఆడుతుంటే నౌషాద్ మూసా కోచింగ్‌లో అండర్-23 జట్టు ఆసియా కప్ క్వాలిఫయర్లకు ఖతర్ వెళ్లింది. బహ్రెయిన్ మీద 2-0తో గెలిచారు కూడా. సీనియర్ లిస్టులో కుర్రాళ్లు లేరని బాధపడే ముందు రెండో లిస్టు కూడా తెరిచి చూడండి.

ఆపైన పత్రాలు. బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు రయన్ విలియమ్స్ ఆస్ట్రేలియాలో పుట్టాడు, తల్లి ముంబైలో ఆంగ్లో-ఇండియన్ కుటుంబంలో పుట్టింది. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని 2025లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉంటే ఇండియాకి ఆడనివ్వరు. అంత పెద్ద నిర్ణయం తీసుకుని నవంబరులో బెంగళూరు క్యాంపులో చేరాడు, జట్టుతో ఢాకా వెళ్లాడు. కానీ కావాల్సిన అనుమతి సమయానికి రాకపోవడంతో బంగ్లాదేశ్ మ్యాచ్ ఆడలేకపోయాడు. క్యాంపులో ట్రైనింగ్ చేయడానికి ఉండాల్సిన అర్హత వేరు, మ్యాచ్ ఆడటానికి ఉండాల్సిన అర్హత వేరు. గ్రూపులో ఆరోజు "ఎందుకు దించలేదు" అని కోచ్ మీద పడ్డవాళ్లకు ఇదే చెప్పాల్సి వచ్చింది.

ఇవన్నీ చూశాక కూడా కారణం దొరకని పేరు ఒకటో రెండో మిగులుతాయి. వాటి మీదే అసలు వాదన పెట్టుకోవాలి.

వాదించే పద్ధతి

మా గ్రూపులో నేను పట్టుబట్టి పెట్టించిన నియమం ఒకటుంది. ఎవరినైనా చేర్చాలంటే ఎవరిని తీయాలో కూడా చెప్పాలి. పేరు పెట్టి చెప్పాలి.

2025 ఆగస్టు లిస్టులో సునీల్ ఛెత్రి లేడు. మా కింది అంతస్తులో ఉండే గుంటూరు తమ్ముడు ఛెత్రికి వీరాభిమాని. పైకి వచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"అక్కా, ఇదేం లిస్టు? 35 మందిలో ఆయనకి చోటు లేదా?"

"ఎవరిని తీద్దాం?"

"ఎవరో ఒకరిని."

"పేరు చెప్పు తమ్ముడూ."

కాసేపు ఆలోచించి వెళ్లిపోయాడు. మర్నాడు కాగితంతో వచ్చాడు. 2024-25 ఐఎస్‌ఎల్‌లో ఛెత్రి 14 గోల్స్ కొట్టాడు, భారతీయుల్లో అందరికన్నా ఎక్కువ. ఫార్వర్డ్‌లుగా పిలిచినవాళ్లలో వింగ్‌లో ఆడేవాళ్లే ఎక్కువ, వాళ్లలో ఫలానా ఇద్దరిలో ఒకరిని ఆపి ఛెత్రిని తీసుకోవచ్చు అన్నాడు. అది వాదన అంటే! కోచ్ వైపు మాట కూడా ఉంది: అక్టోబరు మ్యాచ్‌లకు ముందు కాఫా కప్ సన్నాహక టోర్నీ, కొత్తవాళ్లను చూడాలి, ఛెత్రికి తలుపు మూసేయలేదు. ఇద్దరిదీ సబబైన మాటే. తర్వాత సింగపూర్ మ్యాచ్‌ల క్యాంపుకు ఛెత్రి పేరు వచ్చింది.

ఛెత్రి సికింద్రాబాద్‌లో పుట్టాడని, వాళ్ల నాన్న సైన్యంలో ఉండేవారని మన తెలుగువాళ్లందరం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ మనవాడు అన్నది ఎంపికకు కారణంగా చూపించకండి. కంఠీరవలో మన పక్కన మణిపూర్ నుంచి వచ్చినవాళ్లు కూర్చుంటారు, కేరళవాళ్లు కూర్చుంటారు, బెంగాలీలు ఉంటారు. అందరికీ ఒక 'మనవాడు' ఉంటాడు. అలా మొదలుపెడితే ఆట గురించి మాట్లాడుకోవడం అక్కడితో అయిపోతుంది. క్లబ్బు అభిమానం కూడా అంతే. నేను బెంగళూరు ఎఫ్‌సీ మనిషిని, అయినా 2025 మార్చి, జూన్ లిస్టుల్లో మా కీపర్ గుర్‌ప్రీత్ లేనప్పుడు, మోహన్ బగాన్ కీపర్ విశాల్ కైత్ ఆ సీజన్‌లో ఐఎస్‌ఎల్ ఉత్తమ కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లవ్ గెలిచాడన్న మాట పక్కన పెట్టి వాదించలేదు. అదే గుర్‌ప్రీత్‌ని ఖాలిద్ జమీల్ మళ్లీ పిలిచాడు. 2025 సెప్టెంబరు 8న కాఫా కప్‌లో ఒమన్‌తో మూడో స్థానం కోసం ఆడిన మ్యాచ్ పెనాల్టీలకు వెళ్తే చివరి కిక్ ఆపింది అతనే. కోచ్ మారితే కీపర్ల వరుస మారుతుంది, ఎందుకంటే కీపర్ నుంచి ఏం కావాలన్నది ఒక్కో కోచ్‌కి ఒక్కోలా ఉంటుంది. ఒకరికి కాళ్లతో బంతి ఆడటం ముఖ్యం, ఇంకొకరికి గాల్లో వచ్చే బంతిని అందుకునే ఎత్తు ముఖ్యం.

సికింద్రాబాద్‌లో ఉండే మా మామయ్యకి ఫోన్ చేస్తే మాట ఎప్పుడూ రహీమ్ సాబ్ దగ్గరికే వెళ్తుంది. హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్‌గా ఇండియా 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1962 జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ కొరియాతో ఫైనల్‌లో 2-1తో గెలిస్తే ఒక గోల్ జర్నైల్‌దే. అదే ఫైనల్‌కి గోల్‌లో మన హైదరాబాద్ పీటర్ తంగరాజ్‌ని దించారు. మామయ్య ఈ సంగతి చెప్పి, "కోచ్ పేర్లు చూడడమ్మా, అవసరం చూస్తాడు" అంటాడు. ఇలాంటి నిర్ణయం ఈరోజు ఎవరైనా తీసుకుంటే మొదటి గంటలో మనం ఏం రాస్తామో ఊహించుకోండి. అందుకే కొత్త చోట ఒక ఆటగాణ్ని పిలిచారంటే, తిట్టే ముందు అతను క్లబ్బుకి ఆడిన చివరి రెండు మ్యాచ్‌లైనా పూర్తిగా చూడమని అడుగుతాను. హైలైట్స్ సరిపోవు. డిఫెండర్ బాగా నిలబడి ప్రమాదం రాకుండా చేసిన పని హైలైట్స్‌లో రాదు.

ఇంకో విన్నపం. ఆటగాళ్ల సోషల్ మీడియా ఖాతాలకు వెళ్లి "నువ్వెందుకు క్యాంపులో" అని రాయకండి. పిలుపు వచ్చిన కుర్రాడికి అది జీవితంలో పెద్ద రోజు, ఇంట్లో అమ్మానాన్నలు ఆ కామెంట్లు చదువుతారు. కోపం ఉంటే కోచ్ నిర్ణయం మీద, ఫెడరేషన్ మీద మాట్లాడండి. పేరు పెట్టి తిట్టిన మెసేజ్‌ని మా గ్రూపులో అడ్మిన్ తీసేస్తాడు, ఎవరిదైనా సరే.

బెంగళూరులో ఉన్న సౌకర్యం

జాతీయ జట్టు క్యాంపులు తరచుగా మన ఊళ్లోనే, ఎయిర్‌పోర్ట్ రోడ్డు వైపున్న పదుకొణె-ద్రవిడ్ సెంటర్‌లో జరుగుతుంటాయి. హోటల్ దగ్గరో గేటు దగ్గరో కాపు కాయడం మాత్రం వద్దు, ట్రైనింగ్‌కి అది ఇబ్బంది. ఆటగాళ్లను చూడాలంటే కబ్బన్ పార్క్ మెట్రోలో దిగి కంఠీరవకి రండి. దక్షిణాసియా టోర్నీ అయిన శాఫ్ కప్ 2023 ఫైనల్‌లో కువైట్‌ని పెనాల్టీల్లో ఓడించింది ఆ మైదానంలోనే. బంతి లేనప్పుడు ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో టీవీలో కనిపించదు, స్టాండ్‌లో కూర్చుంటే కనిపిస్తుంది. నేనైతే పదిహేను నిమిషాలు ఒక్క ఆటగాణ్నే చూస్తాను, బంతి ఎటు పోయినా సరే. అశోక్ నగర్‌లోని బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంలో రాష్ట్ర లీగ్ మ్యాచ్‌లు జరుగుతాయి, అక్కడ ఇంకా పేరు రాని కుర్రాళ్లను చూడొచ్చు.

మహిళల జట్టు లిస్టు కూడా ఇదే శ్రద్ధతో చదవండి. 2025 జులై 5న థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించింది ఈ జట్టు. దానికి ముందు సుదీర్ఘమైన క్యాంపు జరిగింది బెంగళూరులోనే. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఆ జట్టు వింగర్. మా గ్రూపులో నిజామాబాద్ అక్క ఒకావిడ సౌమ్య ఆడిన ప్రతి మ్యాచ్ నిమిషాలూ రాసిపెడుతుంది. మగవాళ్ల లిస్టు వస్తే వంద మెసేజ్‌లు, ఆడవాళ్లది వస్తే మూడు అంటే ఎలా?

క్యాంపు ముగిశాక కాగితాన్ని పారేయకండి. తుది 23 మంది పేర్లు వచ్చినప్పుడు మిగిలినవాళ్ల మీద గీత కొట్టి, మ్యాచ్ అయ్యాక ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో పక్కన రాసి తేదీ వేయండి. రెండు మూడు విండోల కాగితాలు పక్కపక్కన పెడితే కోచ్‌కి ఎవరి మీద నమ్మకం ఉందో, ఎవరిని ప్రతిసారీ పిలిచి ఆడించకుండా పంపుతున్నాడో తెలిసిపోతుంది. 2026 నుంచి సెప్టెంబరు, అక్టోబరు విండోలు రెండూ కలిసి ఒకే పెద్ద విండో అయ్యాయి, అందులో ఒక జట్టు నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడొచ్చు. నాలుగు మ్యాచ్‌లంటే కార్డులు, తొడ కండరాలు, ప్రయాణాలు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆ లిస్టు వచ్చినప్పుడు ప్రతి చోటికీ మూడో మనిషి ఉన్నాడా అని చూడండి, ముఖ్యంగా లెఫ్ట్ బ్యాక్‌కి.